రాకడ దగ్గరపడిందని పాప చదువు ఆపేయాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది తణుకు దగ్గర ఊరు. నా భర్తకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. దేవుని భయం ఉన్న మనిషి, ఆదివారం ఆరాధన ఎప్పుడూ మానలేదు. 2021లో కరోనాతో మా మరిది చనిపోయాడు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం జరిగినప్పటి నుంచి ఈయన రాత్రి రెండింటి దాకా ప్రవచనాల వీడియోలే చూస్తున్నారు. యెహెజ్కేలు గ్రంథంలో చెప్పిన గోగు మాగోగు యుద్ధం మొదలైపోయింది, సంఘం ఎత్తబడే రోజు, అంటే ప్రభువు విశ్వాసులను పైకి తీసుకెళ్ళే రోజు, ఇక నెలల్లోనే ఉంది అంటున్నారు. ఎల్ఐసీ పాలసీ సరెండర్ చేసి, ఆ డబ్బు ఒక చానెల్ వాళ్ళకు ‘విత్తనం’ కానుకగా పంపుతానంటున్నారు. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం. ‘ఇంక ఎంసెట్ ఎందుకు, నాలుగేళ్ళ చదువు పూర్తయ్యేదాకా ఈ లోకం ఉంటుందా’ అని దాని ముందే అన్నారు. ఆ రాత్రి పాప నా పక్కన పడుకుని ఏడ్చింది. నేను కాదంటే నీ విశ్వాసం చల్లారిపోయింది అంటారు. భర్తకు లోబడమని వాక్యమే చెప్తోంది కదా. లేఖనాన్ని కాదనలేను, ఆయన చెప్పేది ఒప్పుకోలేను. ఏం చేయమంటారు? – ఒక సహోదరి

జవాబు: అమ్మా, మీకు ప్రభువు నామంలో వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ విశ్వాసం చల్లారలేదు. చల్లారిన మనిషి ‘లేఖనాన్ని కాదనలేను’ అని బాధపడుతూ ఉత్తరం రాయదు. ముందు ఆ భయం తీసేసుకోండి.

నేనేం నమ్ముతానో కూడా మీకు తెలియాలి. ఆదికాండం నుంచి ప్రకటన దాకా బైబిలు దేవుని వాక్కు అని నమ్ముతాను. యేసు ప్రభువు మళ్ళీ వస్తాడని, అందరికీ కనబడేలా వస్తాడని నమ్ముతాను. రెండవ రాకడ అంటే మనసుకు ధైర్యం కోసం చెప్పిన మాటే తప్ప జరిగేది కాదు అనే బోధతో నాకు ఏ సంబంధమూ లేదు. ‘ఆయన రాకడను గూర్చిన వాగ్దానమేమాయెను?’ అని ఎగతాళి చేసేవాళ్ళు వస్తారని పేతురు తన రెండో పత్రికలో ముందే రాశాడు. అలాంటివాళ్ళు ఇవాళ సంఘాల్లోనే ఉన్నారు. కాబట్టి రాకడ కోసం ఎదురుచూస్తున్నందుకు మీ ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను. ఎదురుచూడని క్రైస్తవుడి గురించే నాకు ఎక్కువ దిగులు.

ఆయన దగ్గర తేడా వచ్చింది చదివే వరసలో. ఆయన ముందు వార్త చూస్తున్నారు, తర్వాత ఆ వార్తకు సరిపడే వచనం వెతుకుతున్నారు. ఆ వీడియోలు నేను కూడా కొన్ని చూశాను. మొదట మంటలు, క్షిపణులు చూపిస్తారు. తర్వాత యెహెజ్కేలు 38 నుంచి ఒక వచనం తెర మీద వేస్తారు. అధ్యాయం మొత్తం చదవరు. పది నిమిషాల్లో ఇంకో వార్త, ఇంకో వచనం. 2022లో టెక్సస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలను ఇజ్రాయెల్‌కు తీసుకెళ్ళారన్న వార్తతో ఎన్ని వీడియోలు వచ్చాయో లెక్కలేదు. సంఖ్యాకాండం 19లో శుద్ధి కోసం దహించే ఎర్ర పెయ్య ఉన్న మాట నిజమే. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం ఆ పెయ్య బూడిద గురించి చెప్పి, వెంటనే క్రీస్తు రక్తం మన మనస్సాక్షిని ఎంత ఎక్కువగా శుద్ధి చేస్తుందో చెప్తుంది. ఆ రెండో మాట చెప్పిన వీడియో నాకు ఒక్కటీ కనబడలేదు.

యెహెజ్కేలు 38 సంగతి మీ ఆయనతో ఎలాగూ వస్తుంది కాబట్టి చెప్తాను. ఆ అధ్యాయంలో పారసీకుల పేరు ఉంది, అంటే ఇరాన్ ప్రాంతం. అది కాదనడానికి లేదు. మన తెలుగు బైబిల్లో ‘రోషు’ అని ఒక పేరు కూడా ఉంది. దాన్ని రష్యా అంటారు, శబ్దం దగ్గరగా ఉంది కాబట్టి. హీబ్రూలో ‘రోష్’ అంటే తల, ముఖ్యమైనది అని అర్థం. అందుకే కొన్ని అనువాదాల్లో అక్కడ దేశం పేరే ఉండదు, ‘ముఖ్య అధిపతి’ అని ఉంటుంది. దాని పక్కనే ఉన్న మెషెకు, తుబాలు ఇప్పటి టర్కీ వైపు ఉన్న ప్రాంతాలు. ఇక ప్రకటన 20లో గోగు మాగోగు పేర్లు వెయ్యి సంవత్సరాల తర్వాత వస్తాయి. బైబిలును ప్రాణంగా చూసుకునే పండితులే ఈ అధ్యాయం ఎప్పుడు, ఎలా నెరవేరుతుందనే విషయంలో ఒక మాట మీద లేరు. మన గోదావరి జిల్లాల్లో 1836లో మన దేశం వచ్చి నరసాపురంలో పరిచర్య చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల నాటి నుంచి బ్రదరెన్ సహవాసాలు ఉన్నాయి. ఆ మందిరాల్లో గోడ మీద లోక చరిత్రను యుగాలుగా విడదీసి చూపే చార్టు చూస్తూ పెరిగినవాళ్ళం చాలామందిమి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో ఇదే వాక్యాన్ని అంతే భక్తితో చదివి, వేరేగా అర్థం చేసుకున్నారు. ఇంతమంది పెద్దలు ఇన్నేళ్ళు మోకాళ్ళ మీద చదివి తేల్చని సంగతిని పన్నెండు రోజుల యుద్ధం తేల్చేసిందని చెప్పడం వాక్యాన్ని గౌరవించడం కాదు.

వార్తలను ఎలా వినాలో ప్రభువే చేసి చూపించాడు. లూకా 13 తీయండి. ఆ రోజుల్లో యెరూషలేములో తాజా వార్త ఏమిటంటే, బలులు అర్పిస్తున్న గలిలయ వాళ్ళను పిలాతు చంపించాడు. అది తెచ్చి ఆయనకు చెప్పారు. ఆయన దానికి ఇంకో వార్త కలిపాడు: సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. చనిపోయినవాళ్ళు మీకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ‘మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు’ అన్నాడు. రోమా ప్రభుత్వం ఎప్పుడు కూలుతుందో చెప్పలేదు, గోపురం ఏ ప్రవచనానికి గుర్తో చెప్పలేదు. వార్త తెచ్చినవాళ్ళ గుండెల వైపు వేలు చూపించాడు. ఆ వెంటనే అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాడు. ఈ ఏడాది కూడా ఉండనివ్వండి, దాని చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని తోటమాలి బతిమాలతాడు. మిగిలిన సమయం ఎందుకు ఇచ్చాడో ఆ తోటమాలి మాటలో ఉంది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు నేను హైస్కూలు కుర్రాణ్ణి. వేలమంది కొట్టుకుపోయారు. మా ఊళ్ళో ఒకాయన అరుగు మీద కూర్చుని, వాళ్ళ పాపం పండింది అన్నాడు. మా నాన్న ఏమీ వాదించలేదు. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాచేత లూకా 13 చదివించాడు. తర్వాత ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లలో ఒకటి మడతపెట్టి, సహాయం పంపుతున్న వాళ్ళకు ఇచ్చి రమ్మన్నాడు. వార్త వింటే ఏం చేయాలో నాకు మొదట తెలిసింది ఆ రోజే.

తెలిసి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. 1999 చివర్లో రెండు వేల సంవత్సరం గురించి అందరికీ భయం. కంప్యూటర్లు ఆగిపోతాయి, ప్రభువు వచ్చేస్తాడు అని ఎక్కడ చూసినా అవే కరపత్రాలు. నేను పరిచర్య చేసే సంఘంలో ఒక సహోదరుడు, కౌలు రైతు, డిసెంబరులో దాళ్వాకు ఆకుమడి పోయలేదు. రెండు గేదెల్నీ అమ్మేశాడు. నాకు తెలుసు. పిలిచి మాట్లాడాలనుకున్నాను, కానీ రాకడ గురించి ఆయనకున్న ఆసక్తిని చల్లార్చినట్టు అవుతుందేమోనని ఊరుకున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మొదటి వరసలో కూర్చున్నాడు. పన్నెండు దాటింది. అందరం నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకున్నాం. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తెల్లారి మా ఇంటి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. ‘అయ్యగారూ, పిల్లలకి పాలు లేవు’ అన్నాడు. జనవరిలో పక్క చేలల్లో ఊడుపులు అవుతుంటే ఆయన కౌలు చేను బీడుగా ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన మందిరానికి రాలేదు. ఆయన పేరు ఇప్పటికీ నా ప్రార్థనలో ఉంటుంది. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా అదే.

ఇది మన ఊళ్ళకే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని లెక్క కట్టారు. కొందరు రైతులు పంట కోయకుండా వదిలేశారు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28 అని ఒక సంఘం ప్రకటిస్తే, జనం ఉద్యోగాలు వదిలి ఇళ్ళు అమ్ముకున్నారు. ఆ నాయకుడి దగ్గర మాత్రం ఆ తేదీ దాటాక చేతికి డబ్బు వచ్చే బాండ్లు దొరికాయి. మోసం కేసులో జైలుకు వెళ్ళాడు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఆయన ప్రపంచమంతా బోర్డులు పెట్టించాడు. అది దాటాక అక్టోబరు అన్నాడు. అదీ దాటింది. మరుసటి ఏడాది, తేదీ చెప్పడం పాపం అని ఒప్పుకున్నాడు. మీరు ‘విత్తనం’ సంగతి రాశారు కాబట్టి ఆ కొరియా బాండ్ల మాట మీ ఆయనకు తప్పకుండా చెప్పండి. లోకం నెలల్లో అయిపోతుందని చెప్తూ, మీ పాలసీ డబ్బు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళను నమ్మకూడదు.

ఇప్పుడు పాలసీ, పాప చదువు. ఈ రెండింటికీ జవాబు యిర్మీయా 32లో ఉంది. ఇది మీ ఇద్దరూ కలిసి చదవాలి. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును ముట్టడించింది. యిర్మీయా కావలివాళ్ళున్న చెరసాల ఆవరణలో బందీగా ఉన్నాడు. పట్టణం కూలిపోతుందని ఆయనకు తెలుసు, అది చెప్పినందుకే లోపల వేశారు. ఇవాళ్టి వీడియోల్లో చెప్పేవాళ్ళలా ఊహ కాదు, దేవుడే చెప్పిన మాట. అలాంటి సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనుక్కోమంటాడు. శత్రువులు అప్పటికే చుట్టుముట్టిన దేశంలో పొలం! దేవుడు కొనమన్నాడు. యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాశాడు, సాక్షులతో సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, తెరిచి ఉన్న ప్రతి ఒకటి. ఆ రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. భూమి రిజిస్ట్రేషన్ ఎంత జాగ్రత్తగా చేయించుకుంటామో మనకు తెలుసు కదా, ప్రవక్త అంతకంటే జాగ్రత్తగా చేయించాడు. ముందు ఏం జరగబోతుందో నిజంగా తెలిసిన మనిషి చేసిన పని అది. మీ పాలసీ బాండు, పాప హాల్ టికెట్ కూడా ఆ మట్టికుండలో కాగితాల్లాంటివే. వాటిని ఉంచుకోవడం అవిశ్వాసం కాదు.

థెస్సలొనీకలో కూడా ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడ్డారు, కొందరు పనులు మానేశారు. వాళ్ళకే పౌలు ‘ఎవడైనను పని చేయనొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు’ అని రాశాడు. ఆ సంఘానికి రాకడ గురించి రాసినంత వివరంగా పౌలు ఇంకెవరికీ రాయలేదు. రాకడ, చేతిపని ఒకే పత్రికలో పక్కపక్కనే ఉన్నాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ఇజ్రాయెల్ గురించి కాదమ్మా. ‘2021లో మా మరిది చనిపోయాడు’ అన్న ఒక్క వాక్యం. మీరు దాన్ని దాటి వెళ్ళిపోయారు. నాకు మాత్రం మీ ఆయన రాత్రి రెండింటి దాకా మేలుకునేది అందుకేనేమో అనిపిస్తోంది. ఆ రోజుల్లో చాలామందికి సరిగ్గా సమాధి కూడిక కూడా జరగలేదు. దూరం నుంచి చూసి వచ్చేశాం. తమ్ముణ్ణి అలా పంపించిన అన్నకు, ‘ఇంకొన్ని నెలల్లో మృతులు లేస్తారు’ అన్న మాట ఎంత తియ్యగా వినబడుతుందో ఆలోచించండి. థెస్సలొనీక వాళ్ళ దిగులు కూడా ఇదే. మా వాళ్ళు నిద్రించారు, ప్రభువు వచ్చేసరికి వాళ్ళ గతేమిటి అని. పౌలు వాళ్ళకు తేదీ ఇవ్వలేదు. క్రీస్తునందు మృతులైనవాళ్ళు మొదట లేస్తారని చెప్పాడు. చివర ‘కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి’ అని ముగించాడు. ఆ మాటలు ఒకరినొకరు ఆదరించుకోవడానికి ఇచ్చినవి. మీ ఇంట్లో అవి పాపను ఏడిపిస్తున్నాయి. ఎక్కడో దారి తప్పిందని దాన్ని బట్టే తెలుస్తుంది.

కాబట్టి ఆయనతో మొదట ఇరాన్ గురించి మాట్లాడకండి. ఒక సాయంత్రం షాపు కట్టేసి వచ్చాక, అన్నం తిన్నాక, మీ మరిది గురించి అడగండి. చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పమనండి. సమాధి దగ్గరికి వెళ్ళి చాలాకాలమైతే ఇద్దరూ వెళ్ళండి. అక్కడ మొదటి థెస్సలొనీకయులకు నాలుగో అధ్యాయం 13 నుంచి చివరి దాకా గట్టిగా చదవండి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి.

తర్వాత రోజుల్లో మత్తయి 24, 25 ఒకే బిగిన చదవండి, మధ్యలో ఆపకుండా. ‘యుద్ధములను గూర్చియు యుద్ధ సమాచారములను గూర్చియు వినబోదురు; మీరు కలవరపడకుండ చూచుకొనుడి’ అన్న మాట ప్రభువుదే. అంతం వెంటనే రాదు అన్న మాట కూడా అదే వచనంలో ఉంది. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని కూడా అక్కడే ఉంది. 25వ అధ్యాయంలో దీపాల్లో నూనె, యజమాని ఇచ్చిన తలాంతులు, ఆకలిగొన్నవాళ్ళకు పెట్టిన అన్నం. వచ్చే రాజు అడిగేవి ఇవే.

లోబడడం గురించి అడిగారు. అదీ వాక్యమే, దాన్ని నేను పలుచన చేయను. కానీ లోబడడమంటే నోరు మూసుకోవడం కాదు. నాబాలు మొండితనంతో ఇల్లంతా ప్రమాదంలో పడినప్పుడు అతని భార్య అబీగయీలు లేచి పనిచేసింది. అపొల్లో అనే బోధకుడు లేఖనాల్లో ప్రవీణుడు, అయినా తెలిసింది సగమే. ప్రిస్కిల్లా అకుల దంపతులు అతణ్ణి నలుగురిలో తప్పుపట్టలేదు. తమ దగ్గరికి తీసుకెళ్ళి వివరంగా చెప్పారు. మీరూ అలాగే. పాప ముందు వాదన వద్దు. ఫోన్ లాక్కోవద్దు. తన ఇంటివాళ్ళను సంరక్షించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని తిమోతి పత్రికలో ఉన్న వచనం మీ ఇద్దరికీ తెలిసే ఉంటుంది, దాన్ని ఆయన మీద రాయిలా విసరకండి. అది ఆయనే చదివి తెలుసుకోవాలి. పాలసీ విషయంలో మాత్రం స్పష్టంగా ఉండండి: ‘మన సంఘ కాపరితో, ఇద్దరు పెద్దలతో మాట్లాడి ప్రార్థించేదాకా దాన్ని ముట్టుకోవద్దు’ అని చెప్పండి. కానుక ఇవ్వాలనిపిస్తే ముఖం తెలిసిన చోట ఇవ్వమనండి.

ఆయనకు లోక వార్తల మీద నిజంగా భారం ఉంటే ఆ భారాన్ని ఆర్పకండి, దారి మళ్ళించండి. అపొస్తలుల కార్యములు 11లో అగబు అనే ప్రవక్త కరువు వస్తుందని ప్రవచించాడు. అంతియొకయ శిష్యులు దాని మీద లెక్కలు కట్టలేదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు యూదయ సహోదరులకు సహాయం పంపారు. మన నేల మీదే ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉన్నాడు. 1876 నుంచి 78 దాకా మన ప్రాంతాన్ని మహా కరువు పట్టుకున్నప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పంచడం అయిపోయాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువును చూసి ప్రవచన చార్టు గీయడానికి ఆయనకు మాత్రం బైబిలు లేకనా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అన్నం పొట్లాలు కట్టిన విశ్వాసులు కూడా ఆ దారిలోనే నడిచారు.

ఇజ్రాయెల్ కోసం ప్రార్థించండి. రోమా 11 చదివినవాడు ఆ ప్రజలను తేలిగ్గా తీసుకోలేడు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం ప్రార్థించండి. గాజాలో మిగిలిన కొద్దిమంది క్రైస్తవుల కోసం కూడా. 2025 జూలైలో అక్కడి హోలీ ఫ్యామిలీ చర్చి మీద దాడి జరిగితే ముగ్గురు చనిపోయారు. వాళ్ళు కూడా ప్రభువు వస్తాడని ఎదురుచూసేవాళ్ళే. మీ ఆయన్ని రోజూ ఒక్క వార్త ఎంచుకోమనండి. అది విని, మీ ముగ్గురూ మోకరించి ఐదు నిమిషాలు వాళ్ళ కోసం అడగండి. ఆ తర్వాత ఆ రాత్రికి ఫోన్ హాల్లోనే ఛార్జింగ్ పెట్టేసి పడుకోండి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. ఆయన మధ్యలో లేస్తే గొడవ పడకండి, మీరూ లేచి పక్కన కూర్చోండి.

పాపతో మాత్రం ఇవాళే మాట్లాడండి. దానికి వాదనలు అక్కర్లేదు. నాన్న బాబాయి మీద బెంగతో ఉన్నాడని చెప్పండి. దానియేలు చిన్న వయసులోనే, కూలిపోతున్న రాజ్యం నుంచి చెరపట్టబడి వెళ్ళి, కల్దీయుల విద్య, భాష మూడేళ్ళు చదివాడని చెప్పండి. ఎంసెట్ ఫీజు కట్టడానికి చివరి తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. అది దాటకముందే కట్టేయండి. వీలైతే మీ ఆయన చేతే కట్టించండి.